మాత్ర వేసుకోని వారం

ఆసుపత్రి ఉత్తరం ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద.
ఏడు రోజుల ముందు నుంచీ దురద మాత్ర వేసుకోకూడదు.
మూడు రోజుల ముందు నుంచీ చేతులకు క్రీము రాయకూడదు.
గుండె మాత్రలు మాత్రం అడక్కుండా ఆపకూడదు.
వదులు చేతుల చొక్కా తొడుక్కుని రావాలి.
అడుగున ఎవరో పెన్నుతో రాశారు:
'కడుపు నింపుకుని రండి.'
ఆ ఒక్క ముక్కే మనిషి రాసినట్టుంది.

వర్డో దీవిలో జనవరి.
నవంబరులో పోయిన సూర్యుడు ఇంకా రాలేదు.
ఫ్యాక్టరీలో పీతలు ఉడికే ఆవిరి
ఇరవై రెండేళ్లు నా గొంతులోంచి దారి చేసుకుంది.
మొదట తుమ్ములు. తర్వాత ముంజేతి మీద దద్దుర్లు.
ఆ తర్వాత రాత్రుళ్లు ఈల.
కెటిల్ అనుకుని లేచి వంటింట్లోకి వెళ్లి చూశాను.
పొయ్యి మీద ఏమీ లేదు.
ఈల నా ఛాతీలోది.

మొదటి రోజు ఏం కాలేదు. నవ్వుకున్నాను.
రెండో రోజు ముక్కు నాది కాదు.
మూడో రోజు, పీతకాళ్లు విరిచే బల్ల దగ్గర వైదా
నా వంక చూసి, రబ్బరు తొడుగు తీసి మరీ చెప్పింది:
'గోకకు ఒడ్నీ. గోకితే సుఖం గోటికి, చర్మానికి కాదు.'
లిథువేనియాలో వాళ్ల అమ్మమ్మ మాటట.
నమ్మాను.
గోకాను.

ఐదో రోజు నుంచి క్రీము కూడా లేదు.
మా గాలికి క్రీము లేని చేయంటే
దండేనికి ఎండబెట్టిన కాడ్ చేపే.
రాత్రి చేతులకు ఊలు మేజోళ్లు తొడుక్కుని పడుకున్నాను,
నా గోళ్ల నుంచి నన్ను దాచుకోడానికి.

ఆరో రోజు ఐవిన్ పిలిచాడు. మంచివాడే.
'పీత పడదని కాగితం వస్తే
నిన్నా హాల్లోకి రానివ్వలేను' అన్నాడు.
'ఈ దీవిలో వేరే పనేముంది?' అన్నాను.
కిటికీ వైపు చూశాడు.
కిటికీలో చీకటి తప్ప ఏం లేదు.

ఆ రాత్రి మాత్ర బయటికి తీశాను.
బఠానీ కన్నా చిన్నది. తెల్లది.
ఇది మింగితే ఎల్లుండి నా చేయి నోరు మెదపదు.
పీత చుక్క వేస్తారు, సూదితో గుచ్చుతారు,
పావుగంట చూస్తారు.
నున్నగా, ఏమీ ఎరగనట్టు
నా తరఫున నా చేయి అబద్ధమాడుతుంది.
నా జీతం నాకుంటుంది. నా ఈల నాకుంటుంది.

నాలిక మీద పెట్టుకున్నాను కూడా.
చేదు.

అప్పుడు ఉత్తరం వెనక పేజీ గుర్తొచ్చింది.
పీత చుక్క కన్నా ముందు ఇంకో చుక్క వేస్తారట,
ఎవరికైనా సరే ఉబ్బి తీరాల్సిన చుక్క.
అది ఉబ్బకపోతే
చర్మం నోట్లో గుడ్డలు కుక్కారని తెలిసిపోతుందట.
మళ్లీ ఏడు రోజులు. మళ్లీ మేజోళ్లు.
నన్ను ఆపింది నిజాయితీ కాదు.
ఆ మేజోళ్లు.
ఉమ్మేశాను.

కిర్కెనెస్ ఓడ తెల్లవారుజాము మూడున్నరకి.
తెల్లవారుజామని అలవాటు కొద్దీ అంటాం.
ఓడ క్యాంటీన్లో రెండు వాఫుల్స్, గోధుమరంగు చీజుతో,
ఉత్తరంలో చెప్పినట్టే, కడుపు నిండా.
చొక్కా మా తమ్ముడిది. చేతులు వదులు. డీజిలు వాసన.

నర్సు చిన్నపిల్ల. నీలం పెన్నుతో నా ముంజేతి మీద
ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసింది,
ఫ్యాక్టరీలో పెట్టెల మీద నేను వేసినట్టే.
'పీత ఎన్నో అంకె?'
'చెప్పను. దాన్నే చూస్తూ కూచుంటారు.'

పదిహేను నిమిషాలు. గోకకూడదు.
బల్ల మీద నా చేయి,
ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా.
మా దీవిలో సూర్యుడి అంచు చాలదు,
బిళ్ల మొత్తం కనబడితేనే కోట మీంచి ఫిరంగి పేలుస్తారు.
ఆ రోజు పిల్లలకి బడి ఉండదు.
అంతదాకా అందరం ఒకే దిక్కు చూస్తుంటాం,
ఒకరితో ఒకరం ఆ మాట అనకుండా.

ఒకటో అంకె పక్కన చిన్నగా పొంగింది. దోమ కుట్టినంత.
అది అందరికీ వచ్చేదే.
పర్లేదు, నీకు మాటొచ్చు, అన్నాను చర్మంతో.

ఏడో అంకె దగ్గర దురద మొదలైంది.